కాంచనను చూసి మూతి విరిచేవాళ్లకు

హారర్ కామెడీ అనే మాట చెవిన పడితే చాలు, మన సమీక్షకుల దగ్గర మూడు ముక్కలు సిద్ధంగా ఉంటాయి. భయపెట్టనూ లేదు, నవ్వించనూ లేదు. లాజిక్ అడక్కండి. బి, సి సెంటర్లలో ఆడొచ్చు. రాఘవ లారెన్స్ తీసిన 'ముని' వరస సినిమాల మీద, అందులోనూ 2011లో వచ్చిన 'కాంచన' మీద, ఈ మూడు ముక్కలూ ఇన్నేళ్లుగా అరిగిపోకుండా తిరుగుతున్నాయి. సినిమా బాగా తెలుసనుకునే నలుగురు కూర్చున్న చోట దాని పేరెత్తి చూడండి. తిట్టరు కూడా. చిన్నగా నవ్వి, కొరియా సినిమాల సంగతిలోకి వెళ్లిపోతారు. తిట్టుకైతే జవాబు చెప్పడం తేలిక. ఈ నవ్వుకు చెప్పాలంటే కాస్త పెద్ద వ్యాసమే రాయాలి.

వాళ్లు చెప్పే ఆ బి, సి సెంటర్ల ఛాయల్లోనే నేనుంటాను. భోగాపురం, విజయనగరం జిల్లా, విశాఖ నుంచి శ్రీకాకుళం పోయే జాతీయ రహదారి మీద. మా వైపు టీవీలో 'కాంచన' ఎన్నిసార్లు వేసినా చూస్తారు. చూడ్డమంటే కుదురుగా కూర్చుని కాదు. ఒకరు చేపలు కడుగుతూ, ఒకరు బీడీ ముట్టిస్తూ, పిల్లలు మంచం కింద దూరి తల మాత్రం బయటపెట్టి. తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అయినా హీరో అమ్మగా చేసిన కోవై సరళ గుండె పట్టుకునే చోట అందరూ నవ్వుతారు, కాంచనగా శరత్‌కుమార్ కనిపించగానే అందరూ ఊరుకుంటారు. ఒకసారి మా వీధిలో ఒక కుర్రాడు "నాయనమ్మా, దెయ్యం వొచ్చింది సూడు" అని కేక పెడితే, ఆవిడ చేతిలో చాట దించకుండానే అంది: "దెయ్యమేటిరా గుంటడా? ఆ తల్లి కొనుక్కున్న జాగా లాగేసుకుని, సంపీసి, అక్కడే పాతీసినారు. లెగకుండా ఉంటాదేటి?"

ఈ సినిమా మీద నేను చదివిన సమీక్షల్లో ఇంత సూటిగా విషయం పట్టుకున్నది ఒకటీ లేదు.

కథ ఒకసారి గుర్తు చేసుకుందాం, ఎందుకంటే వెక్కిరించేవాళ్లలో సగం మందికి మొదటి సగమే గుర్తుంటుంది. రాఘవ పనీపాటా లేని కుర్రాడు. పొద్దుగూకితే వణుకు. అమ్మ తోడు లేకుండా రాత్రిపూట దొడ్లోకి కూడా పోలేడు. పాడుబడ్డ ఖాళీ జాగాలో క్రికెట్ ఆడటానికి వెళ్లి, అక్కడ పాతిన వికెట్లు ఇంటికి తెచ్చుకుంటాడు. వాటితోపాటు మూడు ప్రాణాలు ఆ ఇంటికి వస్తాయి. ఒకరు కాంచన, కన్నవాళ్లు గెంటేసిన హిజ్రా. ఇంకొకరు ఆమెను ఆదరించిన ముస్లిం పెద్దమనిషి. మూడోవాడు ఆయన కొడుకు, బుద్ధి ఎదగని పిల్లవాడు. కాంచన తనలాగే దిక్కులేని ఒక అమ్మాయిని చేరదీసి డాక్టరు చదివిస్తుంది. పేదలకు ఆస్పత్రి కట్టాలని చెమటోడ్చి ఒక స్థలం కొంటుంది. ఎమ్మెల్యే కన్ను ఆ స్థలం మీద పడుతుంది. ముగ్గుర్నీ చంపి అందులోనే పూడ్చేస్తారు.

ఇప్పుడు మొదటి అభియోగానికి వద్దాం. భయమూ నవ్వూ ఒక చోట ఇమడవు, ఒకటి రెండోదాన్ని చంపేస్తుంది అంటారు. ఎక్కడి మాట ఇది? 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడి బలగమంతా రాక్షసులే. వాళ్లను చూసి తెలుగువాళ్లు అప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నారు, ఎస్వీ రంగారావు గద ఎత్తితే ఒళ్లు జలదరిస్తూనే ఉంది. పల్లెల్లో దెయ్యాల కథ చెప్పేవాడు ఎవడైనా మధ్యలో ఒక పిరికివాడిని పెట్టి నవ్విస్తాడు. ఆ నవ్వు సద్దుమణగక ముందే చింతచెట్టు కొమ్మ కదిలిస్తాడు. ఈ రెండూ కలిస్తేనే కథ రక్తి కడుతుందని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. తెలియనిది సమీక్షకుడికే.

పోనీ, వాళ్లకు నచ్చే పరాయి దేశపు ఉదాహరణే తీసుకుందాం. అమెరికాలో శామ్ రైమీ అనే కుర్రాడు స్నేహితులను వెంటేసుకుని, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో అడవిలో ఒక పాత ఇంట్లో 'ఈవిల్ డెడ్' తీశాడు. 1981లో వచ్చింది. 1987లో రెండో భాగం తీసేటప్పుడు అదే కథను నవ్వులాటగా తిరగరాశాడు. హీరో సొంత చెయ్యే దెయ్యం పట్టి అతన్ని పళ్లేలతో కొడుతుంది. వాడు రంపంతో దాన్ని కోసేసుకుంటాడు. ఆ దృశ్యం చూసి జనం పడీపడీ నవ్వారు. ఆ సినిమాకు భక్తులున్నారు, దాని మీద పుస్తకాలున్నాయి. 'కాంచన' పేరెత్తితే నవ్వే మిత్రులే దాన్ని కల్ట్ అని గౌరవంగా పిలుస్తారు. పళ్లేలతో కొట్టుకోవడం అక్కడ కళ, ఇక్కడ చవకబారుతనమా?

ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. 2018లో హిందీ 'స్త్రీ' వస్తే అందరూ ఆహా అన్నారు. రాసిన రాజ్, డీకే మనవాళ్లే, ఒకరిది తిరుపతి, ఇంకొకరిది చిత్తూరు. ఆ సినిమాలో ఊళ్లో ప్రతి గోడ మీదా దెయ్యాన్ని రేపు రమ్మని రాసి ఉంటుంది. 'ఓ స్త్రీ రేపు రా' అని తొంభైల్లో తెలుగు పల్లెల్లో తలుపుల మీద బొగ్గుతో రాసుకున్నది మనమే కదా! అదే సరుకు హిందీలో, మంచి కెమెరాతో వస్తే వ్యంగ్యం, స్త్రీవాదం అన్నీ కనిపించాయి. మద్రాసు నుంచి డబ్బింగై, పెదాలు ఒకలా మాటలు ఇంకోలా కదులుతూ వస్తే మాత్రం మూతి విరుపు. నాకైతే ఇందులో సినిమా విలువ కంటే చూసేవాళ్ల హోదా లెక్కే ఎక్కువ కనబడుతుంది.

'కాంచన'లో నవ్వు ఎక్కడి నుంచి పుడుతోందో చూడండి. హీరో పిరికితనం నుంచి. మన సినిమాల్లో హీరో తొడ కొడితే సుమోలు గాల్లోకి లేస్తాయి. అలాంటి తెర మీద ఒక హీరో, దర్శకుడు కూడా తనే అయినవాడు, అమ్మ చీర కొంగు చాటున నక్కి, ఆమె నడుము ఎక్కి కూర్చుని, పక్క తడుపుకుంటానేమో అన్నంత భయం చూపిస్తాడు. మగతనం మీద ఇంత నిర్భయంగా నవ్విన మాస్ హీరో మనకు ఇంకెంతమంది? ఆ పిరికివాడే చివరికి, దెయ్యం కథ మొత్తం విన్నాక, మంత్రగాడు కట్టేసిన ఆత్మను తనంతట తాను ఒంట్లోకి రమ్మంటాడు. ఈ మలుపు పండాలంటే మొదట వాడు అంత పిరికివాడై ఉండాలి. ఆ గంటసేపు వేళాకోళమంతా దీని కోసమే.

రుజువు కావాలంటే ఉంది. ఇదే లారెన్స్ ఇదే కథను 2020లో అక్షయ్ కుమార్‌తో హిందీలో 'లక్ష్మీ'గా తీశాడు. అక్కడ హీరో దెయ్యాలంటే నమ్మని హేతువాది, జనం మూఢనమ్మకాలు పోగొట్టేవాడు. స్టారు పిరికివాడైతే బాగుండదనుకున్నారో ఏమో. పిరికితనం తీసేసరికి నవ్వు పోయింది, నవ్వుతోపాటు భయమూ పోయింది. సినిమా చతికిలబడింది. దర్శకుడు అతనే, దెయ్యం అదే, పగా అదే. హారర్ కామెడీ అంటే నాలుగు అరుపులు, నాలుగు కుళ్లు జోకులు కలిపితే అయిపోతుందనేవాళ్లు ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

రెండో అభియోగం బరువైనది. ఈ సినిమాలు మూఢనమ్మకాలు పెంచుతాయి అంటారు. ఇది చెప్పేవాళ్లలో నేను గౌరవించే మనుషులున్నారు, కాబట్టి నవ్వి ఊరుకోను. ఉత్తరాంధ్రలో మూఢనమ్మకం ఎలా ఉంటుందో మాకు తెలుసు. దాని పేరు చిల్లంగి. ఊళ్లో పిల్లవాడికి జ్వరం తగ్గకపోయినా, ఆవు చూడి నిలవకపోయినా, ఎవరో చిల్లంగి పెట్టారంటారు. వేలు ఎవరి వైపు చూపిస్తారు? భూస్వామి వైపా, సర్పంచి వైపా? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలిదాని వైపు, దిక్కులేని విధవ వైపు. కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మన్యం పల్లెల నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. బలహీనుల్ని చూపించి వాళ్లే దెయ్యాలని చెప్పడం చిల్లంగి నమ్మకం చేసే పని.

'కాంచన' చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. దెయ్యమైంది బలహీనురాలే, కానీ దోషి బలవంతుడు. వేలు ఎమ్మెల్యే వైపు తిరుగుతుంది. వాడు ప్రాణభయంతో గుడిలోకి పారిపోతాడు, దెయ్యం గుడిలోకి రాలేదన్న ధీమాతో. కాంచన గుమ్మం బయట నిలబడి దేవతను నిలదీస్తుంది. దారి దొరుకుతుంది. గుడి దొంగదా బాధితురాలిదా అని తెర మీద ఇంత బాహాటంగా అడిగించిన సినిమాను పట్టుకుని మూఢనమ్మకమంటే ఎలా? దెయ్యాలు ఉన్నాయని ఈ సినిమా చూసి కొత్తగా నమ్మినవాళ్లు నాకు తగల్లేదు. హిజ్రా మీద మొదటిసారి జాలిపడినవాళ్లు తగిలారు.

ఇంకొక మాట. అన్యాయంగానో అర్ధంతరంగానో పోయినవాళ్లు మళ్లీ వచ్చి మాట్లాడతారన్నది మాకు సినిమా నేర్పలేదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి కథ చూడండి. స్థలపురాణం ప్రకారం ఆమె పూసపాటి విజయరామరాజు చెల్లెలు. 1757లో బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాడని తెలిసి పెద్దచెరువులో మునిగిపోయింది. ఆ ఆడపడుచే అమ్మవారైంది. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఉత్సవంలో మాను చివర కూర్చున్న పూజారిని జనం పూజారిగా చూడరు, అమ్మగానే చూస్తారు. ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్న పేరంటాళ్ల గుళ్లు చాలావరకు ఇలాంటి చావుల మీదే లేచాయి. చచ్చినవాళ్లు బతికున్న ఒంట్లోకి వచ్చి గోడు చెప్పుకోవడం, ఊరు కూర్చుని వినడం పాత ఆచారం. లారెన్స్ దానికి లుంగీ కట్టి, డప్పు కొట్టి, థియేటర్‌లోకి తీసుకొచ్చాడు. పట్నం సమీక్షకుడికి అది 'ఓవర్ యాక్షన్'గా కనిపించింది. పూనకం అండర్ యాక్షన్‌తో వస్తుందా?

భూమి సంగతి వేరుగా చెప్పాలి. ఎమ్మెల్యే, కబ్జా, హత్య, అంతా పాత చింతకాయపచ్చడేనని తీసిపారేస్తారు. భోగాపురంలో నిలబడి ఆ మాట అనమనండి. విమానాశ్రయం మాట 2015 ప్రాంతంలో బయటికి వచ్చినప్పుడు మొదట వినిపించిన లెక్క 15 వేల ఎకరాలు. జనం గొడవ చేశారు, కోర్టులకు వెళ్లారు. తగ్గుతూ తగ్గుతూ చివరికి 2,200 ఎకరాల దగ్గర ఆగింది. 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట లేచిపోయాయి. అక్కడివాళ్లు పోలిపల్లి, గూడెపువలస దగ్గర కాలనీల్లో కొత్త ఇళ్లలో ఉంటున్నారు. జీడితోటలు, కొబ్బరిచెట్లు, సరుగుడు తోపులు ఉన్న చోట ఇప్పుడు రన్‌వే. విమానాశ్రయం వద్దని నేననను. పరిహారం తీసుకుని బాగుపడినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ చంపి పూడ్చలేదు కూడా. కానీ జాగా అనే మాట వినగానే ఇక్కడి మనిషి చెవి ఎందుకు నిక్కుతుందో, 'కాంచన'లో స్థలం కాగితాల దృశ్యం వచ్చినప్పుడు గదిలో మాటలు ఎందుకు ఆగిపోతాయో, అది తెలియనివాడికే ఆ కథ పాతదిగా కనబడుతుంది.

మూడో అభియోగంలో సగం నిజం ఉంది. ఈ సినిమా హిజ్రాలను నవ్వులపాలు చేసింది అంటారు. మొదటి సగంలో రాఘవ ఒంట్లోకి కాంచన వచ్చాక వాడు పసుపు రాసుకుంటాడు, గాజులు కావాలంటాడు, నడక మారుతుంది. థియేటర్ ఈలలు వేస్తుంది. ఆ ఈలల్లో వెక్కిరింపు లేదని ఎవరంటారు? కానీ దర్శకుడు ఆ నవ్వును అప్పు కింద రాసిపెట్టుకుంటాడు, రెండో సగంలో వడ్డీతో వసూలు చేస్తాడు. ఎవర్ని చూసి నవ్వామో ఆమె కథ వినాల్సి వస్తుంది. 'గ్యాంగ్ లీడర్'లో చిరంజీవికి అన్నగా చేసిన కండల శరత్‌కుమార్ ఎర్రచీర కట్టి, బొట్టు పెట్టి, ఏ వేళాకోళం లేకుండా నిలబడతాడు. అప్పటిదాకా మన తెర మీద హిజ్రా అంటే హీరో బుగ్గ గిల్లి పారిపోయే పాత్ర. సుప్రీంకోర్టు నల్సా తీర్పులో వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించింది 2014 ఏప్రిల్‌లో. 'కాంచన' దానికి దాదాపు మూడేళ్ల ముందుది. ఆ పాత్రను నిజంగా ఆ సమాజంలోని మనిషికే ఇవ్వాల్సిందన్న వాదన సరైనదే. ఇప్పుడు తీస్తే అలాగే తీయాలి. అయితే ఆ వాదన చేసేవాళ్లు, అంతకుముందు వచ్చిన వందల సినిమాల బుగ్గ గిల్లుళ్ల మీద ఏమన్నారో కూడా చెప్పాలి.

ఒకే కథను నాలుగుసార్లు తీశాడన్నది చివరి అభియోగం. దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. సత్య హరిశ్చంద్ర నాటకం మా జిల్లాల్లో ఎన్ని రాత్రులు ఆడి ఉంటుందో ఆలోచించండి. కాటిసీను వస్తుందని తెలిసే జనం తెల్లవార్లూ కూర్చుంటారు. 'ముని' వరసలో చట్రం మారదు, గోడు చెప్పుకునే మనిషి మారతాడు. 2007 'ముని'లో రాజ్‌కిరణ్ చేసింది పేటవాసుల కోసం నిలబడి, ఎమ్మెల్యే చేతిలో మోసపోయి చచ్చిన మనిషి. రెండోదానిలో హిజ్రా. 2015లో 'గంగ'గా వచ్చిన మూడోదానిలో నిత్యామీనన్ చేసిన కుంటి అమ్మాయి. అందులో టీఆర్పీ కోసం సముద్రం ఒడ్డున దొంగ దెయ్యం ప్రోగ్రాం తీయబోయిన టీవీ చానెల్‌కు అసలు దెయ్యం తగులుతుంది. రోజూ టీవీలో బాబాలనూ భూతాలనూ చూపించి బతికే చానెళ్ల మీద ఇంత చక్కటి చురక వేసిన సినిమాను మూఢనమ్మకాల ఖాతాలో వేశారంటే ఏం చెప్పాలి?

'కాంచన 3'ని మాత్రం నేను వెనకేసుకురాను. 2019లో వచ్చిన ఆ సినిమాలో మరదళ్లతో సరసాలు చూస్తుంటే చిరాకు పుట్టింది. పిరికివాడు పోయి మళ్లీ మామూలు హీరో వచ్చేశాడు. లారెన్స్ తన బలమేమిటో తానే మరిచిపోయాడు.

తెలుగులో ఆ తర్వాత నడిచిన దారి చూడండి. 2013లో 'ప్రేమకథా చిత్రమ్', మరుసటేడు 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది'. 2017లో 'ఆనందో బ్రహ్మ' వచ్చేసరికి లెక్క తిరగబడి మనుషులను చూసి దెయ్యాలే జడుసుకున్నాయి. రేచీకటీ చెవుడూ రెండూ ఉన్న వెన్నెల కిషోర్‌ను ఏ దెయ్యం మాత్రం ఏం చేయగలదు! 'రాజుగారి గది'లోనూ 'ఆనందో బ్రహ్మ'లోనూ మా శ్రీకాకుళం షకలక శంకర్ ఉన్నాడు. ఇక్కడి యాసకు అంత నిడివి ఇచ్చిన పెద్ద బడ్జెట్ ప్రేమకథలు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

2025 మేలో మా పక్కనే ఉన్న భీమిలిలో జరిగే కథతో 'శుభం' వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు, సమంత నిర్మాత. కేబుల్ టీవీ కాలం. రాత్రి సీరియల్ వేళకు ఊళ్లో భార్యలందరికీ ఏదో పూనుతుంది. అడ్డొచ్చిన మొగుడి పని అయిపోయినట్టే. పెళ్లాన్ని అదుపులో పెట్టడమే మగతనమనుకునే కుర్రాళ్లు వణికిపోతుంటే హాల్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. డచ్చివాళ్ల పాత సమాధులున్న ఊరిని తీసుకుని, వాటి జోలికి పోకుండా, ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఇల్లాలిని చూసి భయపడేట్టు చేయడం మామూలు తెలివి కాదు. పిరికి మగవాడూ, గోడు వినమనే ఆడమనిషీ, అంతా 'కాంచన' వేసిన బాటే. 'శుభం'ను మెచ్చుకున్న పెద్దలు కొందరు ఆ బాట ఎవరు వేశారో చెప్పడం మరిచారు.

అందుకని ఒక విన్నపం. ఈసారి టీవీలో 'కాంచన' వస్తే చానెల్ మార్చకండి. ఒక్కరే ఫోన్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూడా చూడకండి. ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టుకుని, శరత్‌కుమార్ వచ్చిందాకా ఓపిక పట్టి, గుడి గుమ్మం దృశ్యం అయ్యేదాకా చూడండి. అప్పటికీ నచ్చకపోతే నిరభ్యంతరంగా రాయండి, చదువుతాను. ఎలాగైనా తిట్టి తీరాలనుకుంటే 'కాంచన 3' ఉంది, దాన్ని తిట్టండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను.